లాలాగూడ లైన్లలో తొలి ముద్ద

లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఎవరింట్లోనైనా పసిబిడ్డకు ఆరో నెల దగ్గరపడిందంటే ఆ సంగతి లైనంతటికీ తెలిసిపోయేది. పెద్దవాళ్లు తింటుంటే పిల్లాడు నోరు కదుపుతున్నాడనీ, కంచంలో చెయ్యి పెడుతున్నాడనీ, వేలు అందిస్తే చిగుళ్లతో నములుతున్నాడనీ పంపు దగ్గర బిందెలు నిండేలోపే కబురు పాకేది. సాయంత్రానికి సాయాలు మొదలు. ఒకరు ఏడాది దాటిన పాత బియ్యం సోలెడు తెచ్చి ఇచ్చేవాళ్లు. ఇంకొకరు మొన్ననే కక్కు కొట్టించిన విసుర్రాయి తమ దగ్గరుంది, పప్పు వేయించి పట్టుకు రమ్మనేవాళ్లు. పాలు తాగే బిడ్డకు తినడం నేర్పడం ఒక్క తల్లి పనే అని మా లైన్లో ఎవరూ అనుకోలేదు. 1970ల తొలి ఏళ్లలో అక్కడ పెరిగాను కాబట్టి ఆ పని ఎలా సాగేదో, ఎవరెవరి చేతుల మీదుగా సాగేదో నాకు బాగా గుర్తు. ఇప్పుడా పద్ధతి లేదు. ఉన్న రోజుల్లో రాసిపెట్టుకోవాలని ఎవరికీ తోచలేదు. అందుకే నాకు తెలిసినంత రాస్తున్నాను.

ముందు ఆ లైన్ల సంగతి చెప్పాలి. లాలాగూడ వర్క్‌షాపు నిజాం రైల్వే రోజుల్లో, 1893లో మొదలైంది. చుట్టూ కార్మికుల ఇళ్లు లేచాయి. వరంగల్, జనగామ వైపు నుంచి వచ్చిన మావాళ్లలాంటి కుటుంబాలు, లష్కర్ అని పిలుచుకునే సికింద్రాబాదు పాత ముస్లిం కుటుంబాలు, ఆంగ్లో ఇండియన్లు అక్కడ ముందునుంచీ ఉన్నారు. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి సికింద్రాబాదు దానికి కేంద్రమయ్యాక, అంతవరకూ మద్రాసు కేంద్రంగా ఉన్న దక్షిణ రైల్వే నుంచి విజయవాడ డివిజను ఇటు కలిసింది. దాంతో గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్లూ, తమిళులూ బదిలీల మీద వచ్చి చేరారు. మా వరసలో రాజమండ్రి అత్తయ్యగారు, రెండిళ్ల అవతల అరవ మామి, వీధి మలుపులో ఫిట్టరు గారి భార్య ఖాలా, ఎదురు లైన్లో గార్డు గారి భార్య ఆంటీ. పేర్లు చెప్పను గానీ ఈ వరసలతోనే మేం పిలిచేవాళ్లం, వాళ్లూ పలికేవాళ్లు. ఇంట్లో మా నాయనమ్మ ఉండేది. జనగామ దగ్గరి పల్లెలో పుట్టి, అక్కడే ఎంతోమంది పిల్లల్ని తన కాళ్లమీద పెంచిన మనిషి. పిల్లల తిండి విషయంలో లైన్లో ఆవిడ మాటకు తిరుగులేదు.

మా తమ్ముడికి ఉగ్గురవ్వ చేసిన రోజు నాకు ప్రతి మెట్టూ కళ్లకు కట్టినట్టు ఉంది. సోలెడు పాత బియ్యం, గిద్దెడు పెసరపప్పు, పిడికెడు కందిపప్పు. కొత్త బియ్యం ముద్దగా అంటుకుంటాయి, పసికడుపులో అరగవు అనేది నాయనమ్మ. బియ్యాన్ని మూడు నీళ్లు పోసి కడిగి, ఉతికిన పాత ధోవతి మీద నీడలో ఆరబోసింది. ఎండలో పెడితే గింజ పగిలి రవ్వ సమంగా రాదట. తడి పూర్తిగా పోయాక ఇనప మూకుడు కుంపటి మీద పెట్టి ఒక్కోటీ విడివిడిగా వేయించింది. అన్నీ కలిపి పోస్తే పప్పు మాడేసరికి బియ్యం పచ్చిగానే ఉంటుంది. పెసరపప్పు కమ్మటి వాసన వచ్చి రంగు తిరగగానే దించేసింది. చివర్లో మూకుడు వేడి మీదే అర చెంచా జీలకర్ర, చిటికెడు వాము వేసి రెండు తిప్పులు తిప్పింది.

తరవాత విసుర్రాయి. రాజమండ్రి అత్తయ్యగారు ఒకవైపు, అమ్మ ఒకవైపు కూర్చుని కొయ్యపిడి పట్టుకుని తిప్పుతుంటే నాయనమ్మ గుప్పిట్లోంచి కొద్దికొద్దిగా గింజలు రాయి కంట్లో పోసేది. రాయి అంచు నుంచి రాలేదాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి చూస్తూ, "జర మెల్లగ తిప్పుండ్రి, గింత మెత్తగైతే ఎట్ల" అనేది. ఆ రవ్వను జల్లెడ పట్టి మూడు వంతులు చేసింది. అడుగున దిగిన పిండి మొదటి పదిహేను రోజులకు. సన్నరవ్వ ఆ తరవాత. పైన మిగిలిన బరక రవ్వను వేరే డబ్బాలో పోసి మూత బిగించి, "పండ్లొచ్చినంక" అంది.

ఆ మూడు వంతుల సంగతి నేను చాలా ఏళ్ల తరవాతగానీ పట్టించుకోలేదు. పిల్లలకు పలుకు తగిలే తిండి తొమ్మిది, పది నెలలలోపు అలవాటు చెయ్యాలనీ, అది దాటితే ముద్ద నమలడం నేర్చుకోక తిండి దగ్గర పేచీ పెరుగుతుందనీ ఇవాళ పిల్లల డాక్టర్లు చెబుతున్నారు. మా నాయనమ్మ జల్లెడ అదే క్రమం పాటించింది. బియ్యం, పప్పు కలపడంలో కూడా లెక్క ఉంది. బియ్యంలో లైసీన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పుల్లో మెథియొనీన్ తక్కువ. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది.

ఉడికించడం మళ్లీ వేరే విద్య. రెండు చెంచాల పిండి చన్నీళ్లలో ఉండ కట్టకుండా కలిపి, మరుగుతున్న నీళ్లలో పోసి, నిప్పు మీద బూడిద కప్పి సన్నసెగ మీద తిప్పుతూ ఉండాలి. దించాక చుక్క నెయ్యి. అమ్మ మొదటిరోజు పల్చగా చేసింది, పిల్లాడికి గొంతుకు అడ్డం పడుతుందేమోనని భయం. నాయనమ్మ ఒక చెంచాడు కంచంలో పోసి, చూపుడు వేలితో మధ్యలో గీత గీసింది. ఉగ్గు పారి గీత పూడుకుపోయింది. "చూసినవా, ఇది నీళ్లు బిడ్డా, బువ్వ గాదు. గీత నిలవాలె" అని మళ్లీ పొయ్యి మీద పెట్టించింది. రెండోసారి గీత నిలిచింది. నోట్లో వేలు పెట్టుకుని గరుకు లేదని చూసుకున్నాకే పిల్లాడి దగ్గరికి తీసుకెళ్లింది.

పెట్టడానికి ఉగ్గుగిన్నె ఉండేది. అరచేతిలో ఇమిడే వెండి గిన్నె, ఒకవైపు చిన్న ముక్కు. సికింద్రాబాదులో అలాంటివి కొనాలంటే పాట్ మార్కెట్‌కే వెళ్లేవాళ్లు, అక్కడి వెండిబంగారాల కొట్లకు. మాది అమ్మకు పుట్టింటివాళ్లు పెట్టింది, ముక్కు కొంచెం సొట్టపోయి ఉండేది. మా ఇంట్లో అక్కర తీరాక అది పక్కింటికి, అక్కణ్నుంచి ఇంకో ఇంటికి వెళ్లి, కొన్ని నెలలకు మళ్లీ మా ఇంటికి వచ్చేది. ఎవరూ అడిగి తీసుకోవాల్సిన పని లేదు. నాయనమ్మ కాళ్లు చాపి పిల్లాణ్ని కాళ్ల మీద పడుకోబెట్టి ఆ ముక్కుతో పోసేది. అమ్మకది నచ్చేది కాదు. పొలమారుతుందని ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని వేలితోనే నాకించేది. ఈ ఒక్క విషయంలో అమ్మ అత్తగారి మాట వినలేదు. అమ్మదే సరైన పద్ధతి అని ఇవాళ ఏ నర్సమ్మనడిగినా చెబుతుంది.

మొదటి రోజుల్లో తమ్ముడు పెట్టినదంతా నాలుకతో బయటికి తోసేసేవాడు. పసిపిల్లలకు పుట్టుకతో ఉండే ఆ అలవాటు నాలుగు నుంచి ఆరు నెలల మధ్య మెల్లగా పోతుంది. అదెవరికీ తెలియకపోయినా ఎవరూ గాభరాపడేవాళ్లు కాదు. గడ్డం మీద కారినదాన్ని వేలితో తీసి మళ్లీ నోట్లో పెట్టేవాళ్లు. పొద్దున ఒకసారి, వర్క్‌షాపు సాయంత్రం సైరన్ కూశాక ఒకసారి. సైరన్ వినగానే వాడు తల తిప్పి వంటింటి వైపు చూడటం నాకు భలే ముచ్చటగా ఉండేది.

పిల్లాడు రుచి పట్టాక అసలు సందడి మొదలయ్యేది. ఒక ఇంటి ఉగ్గుతో ఆగే రోజులు కావవి. రాజమండ్రి అత్తయ్యగారు చక్కెరకేళి పండు ఒలిచి, చెంచా అంచుతో పైపైన గీరి, మధ్యలో ఉన్న నల్లటి నారను వదిలేసి మెత్తటి గుజ్జు పెట్టేవారు. "నువ్వు పుల్లలా ఉన్నావు నాన్నా, మా గోదావరి పండు తిను" అని ముద్దులాడుతూ పెట్టేవారు. మామి ఇంట్లో పరుప్పు సాదం. అన్నం, కందిపప్పు కలిపి వేళ్లతో ఎనిపి, ఉప్పు రవంత తగిలించి, నెయ్యి మాత్రం ధారాళంగా పోసేవారు. తొమ్మిదో నెల వచ్చేసరికి రసం తేటలో అన్నం మెదిపి పెట్టేవారు. మిరియం ఘాటుకు తమ్ముడు ముఖం చిట్లించి, మళ్లీ నోరు తెరిచేవాడు.

ఖాలా ఇంట్లో బిడ్డకు మొదటిసారి తిండి పెట్టే వేడుకను ఖీర్ చటాయి అనేవారు. పాలల్లో బియ్యం కరిగేలా ఉడికించి, చక్కెర వేసి, వేలితో తీసి బిడ్డ నాలుకకు నాకించడం. వాళ్ల చిన్నమ్మాయి ఖీర్ చటాయికి లైన్లో ఆడవాళ్లందరికీ పిలుపు వచ్చింది. మా తమ్ముడికీ ఒక గిన్నె వేరుగా పంపారు. గార్డు గారి ఆంటీ ఇంట్లో చేసేదాన్ని పిష్‌పాష్ అనేవాళ్లు. బియ్యం, మాంసపు ముక్క కలిపి జావలా ఉడికించి, ముక్క తీసేసి పిల్లలకు పెట్టేది. మామి ఇంటివైపు అది వెళ్లకుండా ఆంటీ జాగ్రత్తపడేది. మా ఇంట్లో అభ్యంతరం లేదు, నాయనమ్మే స్వయంగా గిన్నె పట్టుకెళ్లి తెచ్చేది. అలా ఏడాది నిండేసరికి మా తమ్ముడి నాలుకకు గోదావరి పండు, అరవ రసం, లష్కరీ ఖీరు, ఆంగ్లో ఇండియన్ జావ అన్నీ తెలుసు. ఆ తరవాత వాడు ఏ ఇంట్లో ఏం పెట్టినా వద్దనేవాడు కాదు.

ఇక ఆ మొదటి ముద్ద సంగతి. వాడికి ఆరో నెల నిండింది ఆషాఢంలో. ఆషాఢంలో అన్నప్రాశనకు ముహూర్తం పెట్టరు. శ్రావణం దాకా ఆగమని అయ్యగారు చెప్పారు. మా బాపు సరేనన్నాడు. నాయనమ్మ ఏమీ అనలేదు. ఆ నెలలోనే లష్కర్ బోనాలు. 1813లో కలరా ప్రబలినప్పుడు ఉజ్జయినిలో సైన్యంలో ఉన్న సురిటి అప్పయ్య, ఊరు చల్లబడితే అమ్మవారిని తెచ్చి నిలుపుతానని మొక్కుకున్నాడనీ, 1815లో ఇక్కడ ఉజ్జయినీ మహంకాళిని నిలిపాడనీ లష్కర్లో ప్రతి ఇంట్లో చెప్పుకుంటారు. కొత్తకుండకు సున్నం, పసుపు పూసి, లోపల పాలు బెల్లం పోసి వండిన అన్నం పెట్టి, వేపమండలు చుట్టి, పైన దీపం వెలిగించి నాయనమ్మ బోనం ఎత్తుకుంది. చిలకలగూడ మీదుగా లైన్లోని ఆడవాళ్లంతా నడిచే వెళ్లాం. తమ్ముణ్ని అమ్మ, అత్తయ్యగారు, నేను వంతులవారీగా ఎత్తుకున్నాం.

అమ్మవారికి నైవేద్యం పెట్టి ఇంటికొచ్చాక నాయనమ్మ కుండలోంచి రెండు మెతుకులు తీసి, చితిపి, పిల్లాడి నాలుక మీద పెట్టింది. అమ్మ చెయ్యి పట్టుకోబోయింది, ముహూర్తం కాలేదని. "అమ్మోరి బువ్వకు మూర్తమేంది బిడ్డా, కడుపుల ఆకలి ఉన్ననాడే మూర్తం" అంది నాయనమ్మ. తమ్ముడు చప్పరించాడు. బెల్లం రుచి తెలియగానే రెండు చేతులూ చాపాడు. మర్నాటి నుంచే ఉగ్గు మొదలైంది. అన్నప్రాశన మాత్రం శ్రావణంలో పద్ధతి ప్రకారమే జరిగింది.

ఆ రోజుకు మేనమామ జనగామ నుంచి ప్యాసింజరు బండిలో వచ్చాడు. పిల్లాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, పరమాన్నంలో బంగారు ఉంగరం ముంచి మూడుసార్లు నాకించాడు. తరవాత చాప మీద పుస్తకం, కలం, పూలు, వడ్లు, వెండి రూపాయి వరసగా పెట్టారు. బాపు వర్క్‌షాపు నుంచి తెచ్చుకున్న చిన్న స్పానర్ తుడిచి ఆ పక్కనే పెట్టాడు. ఇంకా పాకడం రాని పిల్లాణ్ని బోర్లా పడుకోబెడితే, వాడు కాసేపు పూల వైపు చూసి, స్పానర్ మీద చెయ్యి వేశాడు. గుమ్మంలో నిలబడ్డ బాపు స్నేహితులు ఒక్కసారిగా ఈలలు వేశారు. మగపిల్లాడికైతే ఆరు, ఎనిమిది లాంటి సరి నెల, ఆడపిల్లకైతే అయిదు, ఏడు లాంటి బేసి నెల అని ఒక ఆచారం ఉంది. లైన్లో చాలామంది దాన్ని పాటించేవాళ్లు.

ఆ రోజుల్లో అంతా బాగుండేదని చెప్పను. నేను చూసినవాటిలో ఇప్పుడు తలచుకుంటే భయం వేసేవీ ఉన్నాయి. మాటలు తొందరగా వస్తాయని వసకొమ్ము సానరాయి మీద అరగదీసి పట్టేవాళ్లు. మోండా మార్కెట్లో మూలికల కొట్లో కొన్న కొమ్ము ఇంటింటా ఉండేది. పసిబిడ్డలకు వాంతులు తెప్పించే గుణం దానికుంది. కడుపు శుభ్రమవుతుందని ఆముదం పోసేవాళ్లు. ఏడ్చే బిడ్డకు ముక్కు మూసి నూనె పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది. తేనె నాకించని ఇల్లు లేదు. ఏడాదిలోపు పిల్లలకు తేనె వద్దని, అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు పసిపేగుల్లో మొలిచి బిడ్డను చచ్చుబడేలా చేస్తాయని ఇవాళ మనకు తెలుసు. వీటిలో ఏ ఒక్కటీ తిరిగి రాకూడదు.

వీటికన్నా పెద్ద నష్టం ఆలస్యం వల్ల జరిగేది. పళ్లు వచ్చేదాకా అన్నం వద్దనే ఇళ్లు ఉండేవి. పప్పు వాతమనీ, పండు జలుబనీ, గుడ్డు వేడి అనీ ఆపేవాళ్లు. పప్పు మీద తేరిన తేట రెండు చెంచాలు తాగించి బిడ్డ తిన్నాడనుకునేవాళ్లు. తల్లి కడుపులో ఉండగా బిడ్డ కూడబెట్టుకున్న ఇనుము దాదాపు ఆరు నెలల దాకానే సరిపోతుంది. తల్లిపాలలో ఇనుము తక్కువ. ఆ తరవాత తిండి నుంచి రావాలి. రొమ్ముపాలు బాగా తాగే బిడ్డకే అయినా పైతిండి నుంచి 6–8 నెలల్లో రోజుకు సుమారు 200 కిలోకేలరీలు, 9–11 నెలల్లో 300, ఏడాది దాటాక 550 దాకా కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. తేట నీళ్లతో అది ఎక్కణ్నుంచి వస్తుంది? మా లైన్లోనే ఉబ్బిన పొట్ట, పుల్లల్లాంటి చేతులతో రెండేళ్లకు కూడా నడవని పిల్లలు ఉండేవాళ్లు. కొంతమంది ఉన్నట్టుండి కనిపించకుండా పోయేవాళ్లు. ఆ ఇంటి ముందు రెండు రోజులు జనం నిలబడేవాళ్లు, తరవాత ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్లు కాదు.

ఆశ్చర్యమేమంటే దీని మీద దేశంలోనే పెద్ద పరిశోధన జరుగుతున్న చోటు మాకు కూతవేటు దూరంలోనే ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి విచారణ కోసం రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన చిన్న ప్రయోగశాల, 1958లో హైదరాబాదుకు తరలి తార్నాకలో నిలదొక్కుకుంది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరు వచ్చింది. పేదపిల్లలకు మాంసకృత్తులే తక్కువని, ప్రత్యేకమైన ప్రోటీన్ పొడులు పంచాలని ప్రపంచమంతా వాదిస్తున్న కాలమది. డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు పిల్లలు నిజంగా తినేదాన్ని తూచి లెక్కగట్టి చూశారు. ఇంట్లో తినే అన్నం, పప్పులాంటి తిండినే కడుపునిండా పెడితే ప్రోటీన్ లోటు చాలావరకు దానంతటదే తీరుతుందని, పిల్లలకు అసలు తగ్గుతున్నది మొత్తం తిండేనని తేల్చారు. ఎంత గొప్ప మాటో చూడండి. పేదతల్లి తన వంటింటిని చూసి సిగ్గుపడాల్సిన పని లేదని తూకపురాళ్లతో చూపించిన మాట అది.

ఆ సంస్థ తయారుచేసిన హైదరాబాద్ మిక్స్‌లో వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16 గ్రాములు, వేరుశనగలు 10 గ్రాములు, బెల్లం 20 గ్రాములు. మొత్తం 86 గ్రాముల్లో 330 కిలోకేలరీలు, 11 గ్రాముల పైచిలుకు ప్రోటీన్. వేయించడం, దంచడం, బెల్లం కలపడం. ఏ ఇంట్లోనైనా చేసుకోగలిగిందే. మా నాయనమ్మకు చూపించి ఉంటే రెండు ప్రశ్నలు అడిగి అర్థం చేసుకునేది.

నాయనమ్మకు తెలిసిన ఇంకో పద్ధతి గురించి చెప్పకుండా ఉండలేను. తమ్ముడికి ఎనిమిదో నెలలో తైదలు నానబెట్టి, తడిబట్టలో మూటగట్టి, తెల్లటి మొలక వచ్చాక ఎండబెట్టి, దోరగా వేయించి విసిరి పిండి చేసేది. పిండిజావ దగ్గర ఒక చిక్కుంది. బిడ్డ మింగేలా పల్చగా చేస్తే అందులో బలం ఉండదు, బలం ఉండేలా చిక్కగా చేస్తే చల్లారేసరికి గట్టిపడి మింగుడుపడదు. పసిబిడ్డ పొట్ట చిన్నది, నీళ్లతోనే నిండిపోతుంది. మొలకెత్తే గింజలో అమైలేజ్ అనే ఎంజైమ్ పుడుతుంది, అది పిండిపదార్థాన్ని విడగొట్టి జావను జారుగా చేస్తుంది. మొలకల పిండి కొంచెం కలిపితే చాలు, చిక్కటి గంజి కూడా చెంచా మీంచి జారుతుంది. బరోడాలో తారా గోపాల్‌దాస్ 1980లలో దీని మీద పనిచేసి, ఇలాంటి పిండి చిటికెడు పసిపిల్లల జావలో కలపమని చెప్పారు. పల్లెలో ఎవరు ఎప్పుడు కనిపెట్టారో గానీ నాయనమ్మ తైదల మూటలో ఉన్నది ఆ ఉపాయమే. మొలక రాని తైదలు ఆవిడ పసిబిడ్డకు పెట్టగా నేను చూడలేదు.

తరవాత డబ్బాలు వచ్చాయి. ఆఫీసర్ల బంగళాల్లో ముందొచ్చాయి, మా లైన్లోకి జీతాలు పెరిగాక వచ్చాయి. ఫారెక్స్ డబ్బా అలమరలో బయటికి కనిపించేలా పెట్టుకోవడం ఒక గౌరవం. అవి ఖాళీ అయ్యాక పప్పులు పోసుకునేవాళ్లం. బొద్దుగా నవ్వే పాప బొమ్మ డబ్బా మీద ఉంటే ఉగ్గురవ్వ విసిరే చేతుల మీద నమ్మకం తగ్గుతుంది. అది సహజమే. నెల జీతంలో డబ్బా ఎక్కువరోజులు రావాలని చెంచా తగ్గించి నీళ్లు పెంచిన తల్లుల్ని నేను చూశాను. పాలసీసా రబ్బరు పీక ఉడకబెట్టడానికి పొయ్యి ఖాళీ లేక, నీళ్లతో కడిగి ఇచ్చి బిడ్డకు విరేచనాలు పట్టుకున్న ఇళ్లూ ఉన్నాయి. ఇలాంటివి ప్రపంచమంతా జరగబట్టే 1981లో పాలడబ్బాల అమ్మకాలపై అంతర్జాతీయ నియమావళి వచ్చింది. మన దేశంలో 1992లో చట్టమైంది, 2003 సవరణతో రెండేళ్లలోపు పిల్లల ఆహారాల ప్రకటనలు కూడా ఆగాయి. ఆ చట్టం ఇంకో ఇరవై ఏళ్లు ముందు వచ్చి ఉంటే మా లైన్లో కొన్ని ఇళ్లు వేరుగా ఉండేవి.

మా లైన్ ఎలా చెదిరిందో చెప్పడానికి పెద్ద కథేమీ లేదు. రిటైరైన వాళ్లు క్వార్టరు ఖాళీ చేశారు. మామి వాళ్లు పద్మారావునగర్‌లో స్కందగిరి గుడి దగ్గర ఇల్లు చూసుకున్నారు. ఆంటీ పిల్లలు ఆస్ట్రేలియా వెళ్లి ఆవిడనూ తీసుకెళ్లారు. అత్తయ్యగారు రాజమండ్రి తిరిగి వెళ్లిపోయారు. బొగ్గుల కుంపట్లు పోయి గ్యాసు వచ్చింది, విసుర్రాళ్లు పోయి మిక్సీలు వచ్చాయి. ఆ మార్పులకు నేనేమీ విచారించను. గంటలకొద్దీ రాయి తిప్పిన అమ్మ భుజం నొప్పి నాకు గుర్తుంది.

నన్ను బాధపెట్టేది ఇంకొకటి. ఇప్పుడు మల్కాజిగిరిలో మేమున్న అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు అమ్మాయికి ఎనిమిది నెలల బాబు. చదువుకున్న పిల్ల. ఆరు నెలల దాకా తల్లిపాలే ఇచ్చింది. ఒక్కో కొత్త రుచి మూడు రోజుల చొప్పున పెట్టి చూస్తుంది, ఏడాదిలోపు ఉప్పు, చక్కెర కలపదు. మా లైన్లో ఎవరికీ తెలియనంత తెలుసు. కానీ పొద్దున నుంచి సాయంత్రం దాకా ఇంట్లో ఆ తల్లీ, ఆ బిడ్డా ఇద్దరే. లాప్‌టాప్‌లో మీటింగు ఒకవైపు, ముద్ద ఒకవైపు. బాబు రెండు చెంచాలు తిని మూతి తిప్పుకుంటాడు. అప్పుడు ఫోన్లో బొమ్మలు పెడుతుంది. వాడు తెర వైపు చూస్తూ ఏం మింగుతున్నాడో తెలియకుండా మింగుతాడు. ఆమె కళ్లల్లో నీళ్లు తిరగడం నేను లిఫ్టు దగ్గర చూశాను. పిల్లలు పక్కవాళ్లను చూసి తింటారు. ఎదుటి పిల్ల నోరు తెరిస్తే వీడూ తెరుస్తాడు. ఒకరి చేతి ముద్ద వద్దంటే ఇంకొకరి చేత్తో తింటాడు. మా తమ్ముడికి విసుగొచ్చినప్పుడల్లా చెయ్యి మారేది, ఒడి మారేది, గుమ్మం మారేది. ఈ తల్లికి మార్చుకోవడానికి ఇంకో ఒడి లేదు. ఎంత చదివితే వస్తుంది ఆ ఒడి?

కింద వాచ్‌మన్ కుటుంబం ఉంది. పాలమూరు నుంచి వచ్చారు. వాళ్ల చిన్నదానికి పదో నెల. అంగన్‌వాడీలో నెలనెలా బాలామృతం ప్యాకెట్టు ఇస్తారు. గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన పొడి, మా పక్కనే నాచారంలో తయారవుతుంది. వాచ్‌మన్ భార్య దాన్ని వేణ్నీళ్లలో కలిపి, ఒక్కోసారి ఉండలు చేసి, మెట్ల మీద కూర్చుని పెడుతుంది. పెద్ద కూతురు చెల్లెలికి ఎదురుగా కూర్చుని తనూ నోరు తెరిచి చూపిస్తుంది. నేను పక్కన కుర్చీ వేసుకుంటాను.

పోయిన వారం మూడో అంతస్తు అమ్మాయిని నేనే కిందికి రమ్మన్నాను, గిన్నె తెచ్చుకొమ్మని చెప్పి. మొదట మొహమాటపడింది. బాబును మెట్ల మీద కూర్చోబెట్టగానే వాడు వాచ్‌మన్ వాళ్ల చిన్నదాని నోటి వైపు కళ్లార్పకుండా చూశాడు. అది మింగితే వీడు పెదాలు కదిపాడు. తల్లి చెంచా అందిస్తే మూతి తిప్పాడు. "నా దిక్కు ఇయ్యండ్రి అక్కా" అని వాచ్‌మన్ భార్య గిన్నె అందుకుంది. చెయ్యి కడుక్కుని, చెంచా పక్కన పెట్టేసి, పెసరపప్పన్నం వేళ్లతో ఎనిపి చిన్న ముద్ద చేసి ముందు తన కూతురి నోటి దాకా తీసుకెళ్లి, అక్కణ్నుంచి మళ్లించి బాబు నోటికి అందించింది. వాడు తీసుకున్నాడు. ఇంకో ముద్ద. గిన్నె సగమయ్యే దాకా ఫోను ఎవరికీ గుర్తు రాలేదు. అమ్మాయి మీటింగుకు టైమైందని లేస్తుంటే వాచ్‌మన్ భార్య బాబు మూతి కొంగుతో తుడిచి అంది: "రేపు నా బిడ్డకు గుడ్డు పచ్చసొన పెడ్తున్న అక్కా, బాబును గూడ తోల్కరాండ్రి."